గోరంత హీరో... సెవెంటీ ఎం.ఎం. సముద్రం!

చిక్కడపల్లి వాళ్ళకి సముద్రం ఎక్కడుంటుందో తెలుసా? రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌ థియేటర్లలో తెర మీద. రెండోది రాంనగర్ చేపల మార్కెట్లో ఐసు ముక్కల మీద!

నవ్వకండి మరి! మేం చూసిన సముద్రం అంతే. చిన్నప్పుడు 'టైటానిక్' చూసి ఓడెక్కాలంటేనే భయపడ్డాం. 1975లో వచ్చిన 'జాస్' ఎప్పుడో టీవీలో చూసి, హుస్సేన్‌సాగర్‌లో బోటు ఎక్కడానికి కూడా వెనకాడాం. ఇక మృగశిర కార్తె వచ్చిందంటే రాంనగర్ మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. ఆ రోజు చేప తింటే ఒంటికి మంచిదని మన పెద్దల నమ్మకం కదా! అంచేత మా లెక్కలో సముద్రప్రాణులు రెండే రకాలు. మనల్ని తినేవి, మనం తినేవి.

మూడో రకం ఒకటుంది. అవి మనల్ని తినవు, మనం వాటిని తినం, అసలు మన కంటికే ఆనవు. ఆ సంగతి తెలుసుకోవడానికి నేను బంగాళాఖాతం దాటి వెళ్ళాల్సి వచ్చింది. నాతో పాటు మా తమ్ముడు కూడా. నిజం చెప్పాలంటే ఈ కథకి హీరో వాడే.

ఒక పెద్ద బొమ్మ - ఒక చిన్న చేప

నాకు నారాయణగూడలో ఫ్లెక్సీలు ప్రింటు చేసే చిన్న దుకాణం ఉంది. కొత్త సినిమా రిలీజవుతోందంటే మాకు పండగే. అభిమాన సంఘాల కుర్రాళ్ళు రాత్రి రెండింటికి వచ్చి తలుపు కొడతారు. "అన్నా, ముప్ఫై అడుగులు కావాలె! పక్కోళ్ళ దానికన్న పెద్దగుండాలె!" ఇదే మాట. ఎంత పెద్దదైతే అంత గొప్ప. పదిహేనేళ్ళుగా నా కళ్ళు అదే కొలత మీద పనిచేస్తున్నాయి.

మా తమ్ముడిది సరిగ్గా దీనికి వ్యతిరేకం. వాడి లోకమంతా చిన్న అక్షరాలే. ఇల్లు చిక్కడపల్లిలోనే అయినా, ఇంట్లో చదువు సాగడం లేదని అశోక్‌నగర్‌లో నలుగురితో కలిసి ఒక గది తీసుకున్నాడు. ఆ పేట సంగతి తెలిసిందేగా! ఏ సందులో చూసినా కోచింగ్ సెంటర్లు, జిరాక్సు షాపులు, మెస్సులు, రెండో చేతి పుస్తకాలు. పొద్దున్నే వెళ్ళి సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకోవడం, రాత్రి తాళం వేసేవేళకి లేవడం. ఆరేళ్ళయింది. ఒక ఏడు రెండు మార్కుల్లో పోయింది. ఇంకోసారి రాసిన పరీక్షే రద్దయింది. కిందటేడు చివర్లో వచ్చిన ఫలితాల్లో మళ్ళీ నంబరు లేదు.

ఆ తర్వాత నెల రోజులు వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. దుకాణానికి వచ్చి మూల స్టూలు మీద కూర్చునేవాడు. అమ్మ రోజూ నా చెవిలో ఒకటే పోరు. "ఇంక చాలించమని చెప్పరా. నీ షాపులోనే కూర్చోబెట్టుకో. నువ్వు చెబితే వింటాడు."

అలాంటి ఒక రోజున, ఒక ట్రావెల్స్ వాళ్ళ అండమాన్ టూరు ఫ్లెక్సీ మెషిన్లోంచి బయటికొస్తోంది. నీలం నీళ్ళు, తెల్ల ఇసుక, మధ్యలో పే...ద్ద అక్షరాలు. నేను అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూస్తున్నాను. మా వాడు లేచొచ్చి మూలన ఉన్న బొటనవేలంత నారింజరంగు చేప మీద వేలు పెట్టాడు.

"అన్నా, ఈ చేప పేరేంది?"

నెల రోజుల్లో వాడి నోటంట వచ్చిన మొదటి ప్రశ్న! నాకు పేరు తెలియదు. కానీ ఆ సాయంత్రమే చిట్టీ పాడేశాను. అండమాన్‌కి రెండు టిక్కెట్లు తీశాను. అమ్మకి మాత్రం ఒక మాట ఇచ్చాను. "అక్కడ ప్రశాంతంగా కూర్చోబెట్టి ఆ విషయం చెబుతాలే. నువ్వు బెంగపెట్టుకోకు."

నీళ్ళ అవతల మన తెలుగు

హైదరాబాదు నుంచి విమానంలో రెండున్నర గంటల లోపే పోర్ట్ బ్లెయిర్. 2024లో దీని పేరు శ్రీ విజయపురం అని మార్చారు. అక్కడి నుంచి ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్‌కి. 2018 దాకా దీన్ని హేవ్‌లాక్ అనేవారు, ఇప్పటికీ నోళ్ళలో ఆ పేరే నలుగుతోంది. వేగంగా పోయే ప్రైవేటు ఫెర్రీ అయితే గంటన్నర. సర్కారు ఫెర్రీ అయితే ఇంకో గంట ఎక్కువ.

మేం దిగిన రిసార్టు మన సినిమాల్లో డ్యూయెట్లకి చూపించే రకం కాదు. వెదురు గోడల చిన్న గదులు, ముందు ఇసుక, తాడు మీద ఆరేసిన రబ్బరు సూట్లు, వరసగా గాలి సిలిండర్లు. తెల్లారి ఐదున్నరకే వెలుగొస్తుంది, సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది. సముద్రం రోజుకి రెండుసార్లు వెనక్కి పోతుంది. గది ముందు పొద్దున పడవలు తేలిన చోటే మధ్యాహ్నం రాళ్ళు బయటపడి ఉంటాయి.

సామాను దింపుతుంటే పడవ నడిపే ఆయన మా మాటలు విన్నాడు.

"ఏటి బావూ, తెలుగోలా? ఏ వూరు మీది?"

అబ్బ! ప్రాణం లేచొచ్చింది. ఆయనది శ్రీకాకుళం వైపు మత్స్యకార కుటుంబం. తండ్రి వలలు పట్టుకుని వచ్చి పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డాడట. ఆ పేటలో మన జాలరుల కుటుంబాలు బోలెడున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల్లో నూటికి దాదాపు పదముగ్గురి మాతృభాష తెలుగే! వెళ్ళేవాళ్ళు హిందీ కోసం తడుముకోనక్కర్లేదన్నమాట. ఆ రోజు నుంచీ ఆయన మాకు 'అన్న' అయిపోయాడు.

బొటనవేలు చూపిస్తే...

డైవింగ్ అంటే ఊరికే దూకెయ్యడం కాదు. సరదాగా ఒక్కసారి చూసొస్తామనే వాళ్ళని ఈత రాకపోయినా చెయ్యి పట్టుకుని తీసుకెళతారు. మేం మాత్రం నాలుగు రోజుల కోర్సులో చేరాం. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊళ్ళో దిగుడుబావిలో నేర్చిన ఈత ఇక్కడ అక్కరకొచ్చింది. కోర్సు పూర్తయితే పద్దెనిమిది మీటర్ల లోతు దాకా వెళ్ళొచ్చు.

మాకు నేర్పినావిడ చెన్నై అమ్మాయి. మొదటి పాఠంలోనే నా సినిమా పరిజ్ఞానం గాలికెగిరిపోయింది. వీపు మీద సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదట, మనం పీల్చే మామూలు గాలే! స్కూటర్ టైరులో ఉండే దానికి దాదాపు వంద రెట్ల ఒత్తిడితో దాన్ని కుక్కుతారు. పది మీటర్లు దిగితే మన మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. చెవుల్లో పోటు మొదలవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి. అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం ఒకటి: నీళ్ళలో ఎప్పుడూ ఊపిరి బిగపట్టకూడదు! పైకి వస్తున్నకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, బిగపడితే ప్రాణానికే ముప్పు. మన హీరోలు బుగ్గలు పూరించి నీళ్ళలోంచి దూసుకొస్తారే... సిలిండరుతో అలా చేస్తే అదే క్లైమాక్సు.

నీళ్ళలో మాటలుండవు కాబట్టి అంతా మూకీ సినిమాయే. నేను మొదటిసారి ఆరు మీటర్లు దిగి, ఊపిరి ఆడుతున్నందుకు పరవశించిపోయి, ఆవిడకి బొటనవేలు పైకెత్తి చూపించాను. 'సూపర్' అని నా అర్థం. ఆవిడ వెంటనే నన్ను పట్టుకుని పైకి తీసుకొచ్చేసింది! మళ్ళీ దిగాను. మళ్ళీ ఆనందం. మళ్ళీ బొటనవేలు. మళ్ళీ పైకి! సముద్ర భాషలో బొటనవేలంటే 'పైకి పోదాం' అని అర్థమట. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. పడవ మీద అన్న కడుపు పట్టుకుని నవ్వాడు. ఆశ్చర్యం ఏమిటంటే, మా తమ్ముడు కూడా నవ్వాడు.

ఏడీ, షార్కేదీ?

మూడో రోజు అసలు పగడపు దిబ్బ మీదికి తీసుకెళ్ళారు. నేను మనసులో పెద్ద పోస్టరే వేసుకున్నాను. షార్కు, తాబేలు, రెక్కలు చాచిన తిరండి... కనీసం మనిషంత చేప! పన్నెండు మీటర్లు దిగాను. చుట్టూ చూశాను. నీలం. బూడిదరంగు రాళ్ళు. ఇంకా నీలం. నేను వేసుకున్న ఎర్ర టీషర్టు కూడా మసిబారిపోయింది. నీళ్ళలో ముందుగా మాయమయ్యేది ఎరుపే. మా ప్రింటింగు భాషలో చెప్పాలంటే, మెషిన్లో మజెంటా ఇంకు అయిపోయిందన్నమాట. ఇరవై నిమిషాలు అటూ ఇటూ ఈదాను. గాలి సగం అయిపోయింది. ఏమీ కనబడలేదు.

పైకొచ్చాక గొణిగాను. ఆవిడ తడిజుట్టు పిండుకుంటూ ఒకే ప్రశ్న వేసింది. "ఒక్క చోట ఎంతసేపు ఆగారు?"

ఆగడమా! డబ్బు పోసి వచ్చింది ఆగడానికా?

అప్పుడు చెప్పింది. చిన్న జీవుల పిచ్చి ఉన్నవాళ్ళకి ఇండోనేషియాలోని సులవేసి దీవి దగ్గర లెంబె జలసంధి కాశీ లాంటిదట. అక్కడ పగడాల అందాలు పెద్దగా ఉండవు. అడుగున అగ్నిపర్వతాల నల్ల ఇసుక. ప్రపంచమంతటి నుంచీ జనం వచ్చి ఆ బురదలో గంటసేపు ఒక బియ్యపు గింజంత రొయ్య ముందు మోకరిల్లి వెళతారు! ఇంకో సంగతి. 1969లో న్యూ కలెడోనియాలో బార్జిబాన్ అనే శాస్త్రవేత్త పరిశీలించడానికి ఒక పగడపు విసనకర్రను తెచ్చుకున్నాడు. దాని మీద రెండు సెంటీమీటర్లయినా లేని గుర్రపుచేప ఒకటి అతుక్కుని ఉంది. విసనకర్ర మీది బొడిపెల్లాగే దాని ఒంటి మీదా బొడిపెలు, అదే రంగు. బల్ల మీద పెట్టి చూస్తే గానీ అక్కడొక ప్రాణి ఉందని తెలియలేదు! మరుసటి ఏడాదే దానికి ఆయన పేరు పెట్టారు.

"రేపు షార్కుని వెతక్కండి. ఒక రాయి ఎంచుకుని అక్కడే ఉండండి" అంది.

తారాగణం

మర్నాడు టార్చీ ఇచ్చారు. వెలుగు పడగానే పోయిన ఎరుపు తిరిగొచ్చింది! బూడిదరంగు రాయి ఈస్ట్‌మన్ కలర్ అయిపోయింది. ఇక చూడండి తారాగణం...

మొదట, మా ఫ్లెక్సీ మూలన ఉన్న నారింజ చేప. దాని పేరు క్లౌన్ ఫిష్. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' హీరో అదే. ఎనిమోన్ అనే విషపు చేతుల జంతువు మధ్య కాపురం. ఒంటి మీది జిగురు వల్ల దీనికి ఆ విషం ఎక్కదు. ఆ ఇంట్లో అందరికంటే పెద్దది ఆడది, ఆమె తర్వాతిది మొగుడు, మిగతావి ఎదగని పిల్లగాళ్ళు. ఆడది చచ్చిపోతే మొగుడే ఆడదైపోతాడు! అంటే లెక్క ప్రకారం నీమో తల్లి పోయాక వాళ్ళ నాన్న అమ్మగా మారిపోవాలి. ఆ కథ అలా తీసుంటే పిల్లల్ని థియేటరుకి పంపేవారో లేదో మరి!

తర్వాత సైడ్ హీరోలు. ఇసుకలో ఒక బొరియ. లోపల గుడ్డిదానితో సమానమైన చిన్న రొయ్య, బుల్డోజరులా ఇసుక తోడి బయట పోస్తుంటుంది. గుమ్మంలో గోబీ అనే వేలెడు చేప కాపలా. రొయ్య మీసం ఒకటి ఎప్పుడూ చేపకి ఆనే ఉంటుంది. ప్రమాదం వస్తే చేప తోక ఝాడిస్తుంది, ఇద్దరూ లోపలికి! ఇల్లు కట్టడం ఒకరి పని, చూడడం ఇంకొకరి పని. అద్దె గొడవ లేదు.

డబుల్ యాక్షన్ కూడా ఉంది. నీలిగీత ఉన్న చిన్న చేప ఒకటి పెద్ద చేపల ఒంటి మీది పురుగులు తిని శుభ్రం చేస్తుంది. దాని దుకాణం ముందు చేపలు నిజంగానే వరసలో నిలబడతాయి, మన పెద్ద సినిమాల మొదటి రోజు బుకింగు కౌంటరు లాగ! అచ్చు అదే గీత, అదే నడకతో ఇంకో చేప ఉందట. నమ్మి దగ్గరికొచ్చిన వాటి రెక్క కొరికి పారిపోతుందట. ఆ విలన్ మాకు కనబడలేదు. కనబడినా పోల్చుకోలేకపోయేవాళ్ళం, అదే దాని నటన.

ఇక ఐటం డాన్సు తార న్యూడిబ్రాంక్. పెంకు వదిలేసిన సముద్రపు నత్త. మొప్పలు ఒంటి బయటే ఉంటాయి, ఆ పేరుకి అర్థమూ అదే. ఊదా, పసుపు, నీలం... ఏ చీరల షాపులోనూ అన్ని రంగులు చూడలేదు. మూడు వేలకి పైచిలుకు జాతులున్నాయి. పెంకు లేకుండా ఎలా బతుకుతుందంటారా? కొన్ని జాతులు విషపు స్పంజిని తిని ఆ విషం ఒంట్లో దాచుకుంటాయి. కొన్ని, కుట్టే జీవుల్ని తిని, ఆ ముళ్ళని అరిగించుకోకుండా తమ వీపు మీదికి ఎక్కించుకుంటాయి. అవతలివాడి కత్తి లాక్కుని వాడినే బెదిరించడం! మన ఫైట్ మాస్టర్లు నేర్చుకోవాల్సిన విద్య.

వాడు కనిపెట్టాడు

ఇవన్నీ ఎవరు చూపించారనుకుంటున్నారు? మొదటి పది నిమిషాలు ఆవిడ. తర్వాత మా తమ్ముడు!

నేను ఊగుతూ ఇసుక లేపుతుంటే, వాడు రాయికి జానెడు దూరంలో కదలకుండా తేలాడు. లైబ్రరీలో పుస్తకం మీదికి ఎలా వంగుతాడో అచ్చం అలాగే. ఐదు నిమిషాలు... పది నిమిషాలు... వాడి బుడగలు కూడా నింపాదిగా వస్తున్నాయి. నా గాలి ఎప్పుడూ ముందయిపోయేది, వాడి సిలిండర్లో ఇంకా సగం ఉండేది. అప్పుడు చెయ్యి ఊపాడు. దారప్పోగుల్లాంటి ఒక నీటిపొద. అందులో ఒక కొమ్మ. ఆ కొమ్మ మీద... నాకేమీ కనబడలేదు. ఆవిడ భూతద్దం తీసి చూసింది. చూసి, వాడి వైపు తిరిగి రెండు చేతులతో సున్నాలు చుట్టింది!

తెల్లని ఒళ్ళు, కొసల్లో నారింజ చుక్కలున్న వెంట్రుకలు. ఒక న్యూడిబ్రాంక్. పొడవు ఏడు మిల్లీమీటర్లు. గోరు మీద పెడితే ఇంకా చోటు మిగులుతుంది.

సెవెంటీ ఎం.ఎం. అంటే ఏమిటో మీకు తెలుసు కదా! ఫిలిం వెడల్పు డెబ్బై మిల్లీమీటర్లు. ఆ ఫిలిం మీద అడ్డంగా పేరిస్తే ఇలాంటివి పది పడతాయి.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. అద్దెకి తీసుకున్న కెమెరా నా చేతిలో ఉంది. ఆ కొమ్మ పొద లోపల ఉంది, క్లోజప్ దొరకడం లేదు. ఇసుకలో గుచ్చుకుని నిలబడడానికి ఇచ్చిన చిన్న ఇనప పుల్ల తీశాను. మెల్లగా దాన్ని పక్క రాయి మీదికి జరిపితే చాలు, బ్రహ్మాండమైన ఫోటో... పుల్ల కొమ్మకి తగిలేలోపే నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు. ఆవిడ కాదు. మా తమ్ముడు. తల అడ్డంగా ఊపాడు. వాడి పట్టు గట్టిగా ఉంది.

పడవెక్కాక ఆవిడ చెప్పింది. ఇవి చాలా మటుకు ఒకే రకం తిండి తింటాయి. ఆ పొదే వాటికి ఇల్లు, అదే మెస్సు. జరిపిన చోట తిండి లేకపోతే అంతే సంగతులు. చాలా జాతుల ఆయుష్షు ఏడాది కూడా ఉండదట. నాకు ఫోటో దొరికేది, దానికి కథ ముగిసేది. నేను నోరు మెదపలేదు.

ఆ రాత్రి ఆవిడ లావుపాటి పుస్తకం తెరిచి ఆ జాతిని వెతికింది. పోలికలున్నవి నాలుగైదు దొరికాయి, అచ్చంగా అదే దొరకలేదు. మా వాడు పుస్తకం తీసుకుని అర్ధరాత్రి దాకా చదివాడు. పరీక్ష లేని పుస్తకం వాడు చదవగా చూడడం ఆరేళ్ళలో అదే మొదటిసారి.

ఇసుక మీద మాట

ఆఖరి సాయంత్రం ముగ్గురం ఒడ్డున కూర్చున్నాం. అన్న బీడీ వెలిగించి సముద్రం వైపు చూపించాడు.

"2010లో సూడాల్సింది బావూ. ఎండాకాలం నీరు ఏడెక్కిపోనాది. పగడం అంతా ఉడికిన అన్నం లాగ తెల్లగా అయిపోనాది. మా కడుపులు కొట్టీసినట్టయిపోనాది."

పగడం రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో కాపురముండే సన్నటి పాచి దానికి రంగూ తిండీ రెండూ ఇస్తుంది. నీరు మితిమీరి వేడెక్కితే ఆ పాచి వెళ్ళిపోతుంది. పగడం పాలిపోతుంది, వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. ఆ ఏడు అండమాన్ దిబ్బలు చాలా దెబ్బతిన్నాయి. కొన్ని చోట్ల తేరుకున్నాయి, కొన్ని చోట్ల లేదు. ఈ రిసార్టు, ఈ పడవ, అన్న పిల్లల చదువు, అన్నీ కంటికానని ఆ పాచి మీదే ఆధారపడి ఉన్నాయన్నమాట.

అన్న లేచి వెళ్ళాక, అమ్మకిచ్చిన మాట గుర్తొచ్చింది. గొంతు సవరించుకున్నాను. వాడే ముందు మాట్లాడాడు.

"అన్నా, నన్ను ఇక్కడికి ఎందుకు తీసుకొచ్చినవో నాకు తెలుసు. పరీక్షలు బందు చేయమని చెప్తందుకే గదా?"

నేను అబద్ధం ఆడలేకపోయాను. "అమ్మ అడగమంది. నాకూ అలాగే అనిపించింది."

"ఇంకొక్కసారి రాస్త. ఒక్కసారే. రాకపోతే నేనే షాపుకొస్త, నువ్వు పిలవక్కర్లేదు." కాసేపాగి అన్నాడు, "ఆరేండ్ల సంది అందరు ఒక్కటే అడుగుతున్నరు, వచ్చిందా రాలేదా అని. నేనేం చదువుతున్ననో ఒక్కలన్న అడిగిన్రా? నువ్వన్న అడిగినవా?"

నిజమే. అడగలేదు. నేను వాడి పక్కన ఆగింది లేదు. ఏం చదువుతున్నావురా అని ఆ రాత్రి అడిగాను. కాకతీయుల చెరువుల గురించి రెండు గంటలు చెప్పాడు. సగం నాకు అర్థం కాలేదు. కానీ వాడు చెబుతున్నంతసేపూ విన్నాను.

ఇంటికి

డైవింగ్ చేశాక కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి. అంచేత ఆఖరి రోజు ఖాళీగా ఉంచుకోండి. వెళ్ళేవాళ్ళు నవంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళండి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందుగా డాక్టరుని అడగండి. ఒడ్డున దొరికాయి కదా అని పగడపు ముక్కలు, గవ్వలు సంచిలో వేసుకోకండి. గట్టి పగడాలు, గుర్రపుచేపలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, విమానాశ్రయంలో సామాను చూస్తారు. మా అక్క కొడుకు నీమోని సీసాలో తెమ్మని మరీ మరీ చెప్పాడు. వాడికి నీమో నాన్న అమ్మగా మారే కథ పట్టుకెళ్ళాను. నమ్మలేదు!

అమ్మకి జరిగింది చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వాడికి టిఫిను డబ్బా కట్టి అశోక్‌నగర్ గదికి పంపింది. పరీక్ష ఇంకా రాలేదు. ఏమవుతుందో మాకెవరికీ తెలియదు.

ఇంతకీ ఆ ఏడు మిల్లీమీటర్ల హీరో ఫోటో వచ్చింది. జరపకుండానే, మా తమ్ముడే తీశాడు, కొమ్మ అడ్డంతో సహా. దాన్ని ఆరడుగుల ఫ్లెక్సీ చేసి మా దుకాణం గోడకి తగిలించాను. అభిమాన సంఘాల కుర్రాళ్ళు వచ్చి నోరు తెరుస్తున్నారు. "ఏ సినిమా అన్నా ఇది? గ్రాఫిక్సా?"

మా వాడు ఒకసారి వచ్చి చూసి పెదవి విరిచాడు. "ఇది మోసం అన్నా. అసలు సైజు పెట్టు."

పెట్టాను. కింద కుడివైపు మూలన, ఏడు మిల్లీమీటర్ల బొమ్మ ఒకటి. ఈసారి నారాయణగూడ వైపు వస్తే మా దుకాణంలోకి తొంగి చూడండి. పెద్ద బొమ్మ రోడ్డు మీంచే కనబడుతుంది. చిన్నది చూడాలంటే మాత్రం దగ్గరికొచ్చి, వంగి, కాసేపు ఆగాలి.